అవతారం, రిసాలత్: దిగివచ్చింది ఏమిటి?



మీలాదున్నబీ దగ్గరపడిందంటే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక పైగామ్ తిరగటం మొదలవుతుంది. హిందువుల కితాబుల్లో రాసి ఉన్న కల్కి అవతారం వేరెవరో కాదు, మన నబీ కరీమ్ (స) గారేనని దాని మత్లబ్. కింద నాలుగైదు దలీళ్లు ఉంటాయి. తండ్రి పేరు, తల్లి పేరు, గుర్రం, కత్తి, పుట్టిన తేదీ. చదివినవాళ్లు సుబ్‌హానల్లాహ్ అని మరో పదిమందికి పంపిస్తారు. అవే గ్రూపుల్లో ఇంకో రకం పోస్టులు కూడా వస్తాయి. చేపను, తాబేలును, వరాహాన్ని పెట్టి మజాక్ చేసేవి.

ఈ రెండూ ఎదురెదురు దారుల్లో పోతున్నట్టు కనిపిస్తాయి. నా ఖయాల్‌లో రెండింటి బునియాద్ ఒక్కటే. అవతారం అన్నప్పుడు హిందువులు ఏమనుకుంటారో తెలుసుకునే ఓపిక లేకపోవటం. మొదటి పోస్టు వాళ్ల నమ్మకాన్ని తెచ్చి మన సంచీలో వేసుకుంటుంది. రెండోది దాన్ని చెత్తబుట్టలో పారేస్తుంది. పక్కింటి మనిషి అసలు ఏం నమ్ముతున్నాడు అనే సవాల్‌కు మాత్రం రెండింటిలోనూ జవాబు లేదు.

ఈ సవాల్ మనకు కొత్తేమీ కాదు. వెయ్యేళ్లుగా మన ఉలమా, సూఫీలు, బాద్షాలు దీనితో తలపడ్డారు. కొందరు ఇన్సాఫ్‌గా రాశారు, కొందరు తొందరపడ్డారు, ఒకరిద్దరు రెండు పనులూ చేశారు. ఆ తారీఖ్ మన పిల్లలకు తెలియాలని ఇది రాస్తున్నాను.

మన నోట్లో ఉన్న మాటే

ముందు మాట సంగతి చూద్దాం. సంస్కృతంలో "అవ" అంటే కిందికి. "తరణం" అంటే దాటటం. రెండూ కలిస్తే అవతరణం, అంటే పైనుంచి కిందికి దిగిరావటం. ఈ మాట మనకు పరాయిది కాదు. తెలంగాణ అవతరణ దినోత్సవం అంటాం, ఆంధ్రప్రదేశ్ అవతరణ దినం అంటాం. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఖుర్ఆన్ తెలుగు తర్జుమాల్లో "నుజూల్"కు వాడే మాట కూడా ఇదే. రంజాన్ నెలలో ఖుర్ఆన్ అవతరించింది అని మన జుమా బయానుల్లో, మన పత్రికల్లో ఎన్నిసార్లు వినలేదు, చదవలేదు?

అంటే ఇద్దరమూ ఒకే మాట వాడుతున్నాం. ఫర్క్ ఎక్కడుందంటే, దిగివచ్చింది ఏమిటి అన్న దగ్గర. మన అఖీదాలో అల్లాహ్ కలామ్ దిగింది. దాన్ని తెచ్చింది ఫరిష్తా జిబ్రయీల్ (అ). అందుకున్నది ఒక బషర్, అంటే మనలాంటి మనిషి. వైష్ణవుల అఖీదాలో దిగివచ్చింది కలామ్ కాదు, సాక్షాత్తూ భగవంతుడే. మన క్రైస్తవ సోదరులు ఈసా (అ) గురించి చెప్పేటప్పుడు "నరావతారం" అనే మాట వాడతారు. వాళ్ల లెక్కలో అది ఒక్కసారే జరిగింది. వైష్ణవుల లెక్కలో మళ్లీ మళ్లీ జరుగుతుంది. ఈ చిన్న ఫర్క్ మనసులో పెట్టుకుని ముందుకు వెళ్దాం.

చేప మొదట్లో విష్ణువు కాదు

అవతారాల ఖయాల్ ఒక్కరోజులో పుట్టలేదు. అది పెరుగుతూ వచ్చింది. శతపథ బ్రాహ్మణం అనే వైదిక గ్రంథం క్రీస్తుకు ముందు ఏడెనిమిది వందల ఏళ్ల నాటిదని పండితుల అంచనా. అందులో మనువును జలప్రళయం నుంచి కాపాడిన చేప కథ ఉంది. చదువుతుంటే మనకు తూఫాన్-ఎ-నూహ్ గుర్తుకు రాకమానదు. అయితే ఆ చేప విష్ణువు అని అక్కడ ఎక్కడా లేదు. అదే గ్రంథంలో భూమిని పైకెత్తిన వరాహం ఉంది. దాన్ని ప్రజాపతి అన్నారు. తాబేలు రూపం ఎత్తింది కూడా ప్రజాపతే. వామనుడి కథ ఒక్కటే మొదటినుంచీ విష్ణువుది. ఋగ్వేదంలోనే విష్ణువు మూడడుగులతో లోకాలను కొలిచినట్టు ఉంది.

తర్వాతి శతాబ్దాల్లో విష్ణుభక్తి పెరిగింది. వేరువేరు చోట్ల, వేరువేరు పేర్లతో ఉన్న కథలు ఒక్క దేవుడి చుట్టూ చేరాయి. మథుర వైపు వాసుదేవ కృష్ణుడి భక్తులు ఉండేవారు. మధ్యప్రదేశ్‌లోని విదిశ దగ్గర బేస్‌నగర్‌లో ఒక రాతి స్తంభం ఇప్పటికీ నిలబడి ఉంది. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో దాన్ని ఎత్తించినవాడు హిందువుగా పుట్టినవాడు కాదు, గ్రీకువాడు. పేరు హెలియోడోరస్. తక్షశిల నుంచి వచ్చిన రాయబారి. వాసుదేవుడి కోసం గరుడధ్వజం ఎత్తించి, తనను తాను భాగవతుణ్ని అని రాయించుకున్నాడు.

భగవద్గీత నాలుగో అధ్యాయంలో ఈ ఖయాల్ స్పష్టంగా కనిపిస్తుంది. ధర్మం దెబ్బతిన్నప్పుడల్లా తాను పుడుతూ ఉంటానని కృష్ణుడు అర్జునుడితో చెప్పే చోటు అది. తమాషా ఏమిటంటే "అవతారం" అనే మాట గీతలో లేదు. పాత గ్రంథాల్లో ఎక్కువగా "ప్రాదుర్భావం" అనే వాళ్లు, అంటే కనబడటం, జాహిర్ కావటం. అవతారం అనే మాట గట్టిపడింది ఆ తర్వాత పురాణాల కాలంలో.

రాజులు, వరాహం, వరహాలు

నమ్మకం పెరగటంలో దర్బార్ల పాత్ర కూడా ఉంది. విదిశ దగ్గరే ఉదయగిరి గుహల్లో మనిషికి రెండింతల ఎత్తున వరాహమూర్తి చెక్కి ఉంది. నీళ్లలోంచి భూదేవిని పైకెత్తుతున్న రూపం. పక్క గుహలో గుప్తరాజు రెండో చంద్రగుప్తుడి కాలపు శాసనం ఉంది, క్రీ.శ. 401-402 నాటిది. మునిగిపోతున్న భూమిని ఎత్తి నిలబెట్టినవాడు అనే బొమ్మ ఏ రాజుకైనా నచ్చుతుంది కదా. "నేనూ అదే పని చేస్తున్నాను" అని చెప్పుకోవటానికి పనికొస్తుంది.

మన తెలుగు నేల మీద కూడా అదే జరిగింది. వేంగి చాళుక్యుల రాగి శాసనాల ముద్ర మీద వరాహం ఉంటుంది. విజయనగర రాజుల చిహ్నం కూడా వరాహమే. వాళ్ల బంగారు నాణేనికి "వరహా" అనే పేరు వచ్చింది ఇందుకే. మన నానీ, దాదీలు చెప్పిన కహానీల్లో వరహాల మూట దొరికిన ఫకీర్ ఉండేవాడు. ఆ నాణెం పేరు వెనకున్నది ఒక అవతారం పేరని ఎవరం అనుకున్నాం?

శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో కూర్మావతారానికి గుడి ఉంది. సింహాచలంలో వరాహ నరసింహుడు, అహోబిలంలో తొమ్మిది నరసింహ క్షేత్రాలు ఉన్నాయి. ఈ ఊళ్ల చుట్టూ మనవాళ్లు తరతరాలుగా బతుకుతున్నారు. కాబట్టి ఇది ఎక్కడో ఉన్న కితాబుల సంగతి కాదు, మన బస్టాండ్ పక్కన ఉన్న సంగతి.

పది అనే లెక్క

దశావతారాలు అనగానే పది అని మనందరికీ నోటికొస్తుంది. ఆ లెక్క కూడా మొదటినుంచీ ఒకేలా లేదు. మహాభారతంలోని నారాయణీయ భాగంలో ఒక జాబితా ఉంది. పురాణాల్లో రకరకాల జాబితాలు ఉన్నాయి. భాగవతం మొదటి స్కంధంలో ఇరవై రెండు పేర్లు చెప్పి, నిజానికి వీటికి అంతే లేదు అన్నారు. పదిహేనో శతాబ్దంలో పోతన గారు తెలుగులోకి తెచ్చింది ఈ భాగవతాన్నే.

బుద్ధుడి సంగతి మరీ దిల్‌చస్ప్. మహాబలిపురంలో పల్లవుల ఆదివరాహ గుహాలయంలో పది పేర్లు వరసగా చెప్పే శాసనం ఉంది. అందులో బుద్ధుడు ఉన్నాడు. కానీ దక్షిణాదిలో చాలా జాబితాల్లో ఆయన చోట బలరాముడు ఉంటాడు. బుద్ధుణ్ని చేర్చుకున్నవాళ్లు కూడా ఒకే కారణం చెప్పలేదు. కొన్ని పురాణాలు అసురులను దారి తప్పించటానికి వచ్చాడన్నాయి. పన్నెండో శతాబ్దపు జయదేవుడు మాత్రం జంతుబలులు చూసి రహమ్ కలిగినవాడిగా ఆయన్ని పొగిడాడు. ఒక మతాన్ని స్థాపించిన మనిషిని, ఆ మతంతో పోటీపడిన మతం తన జాబితాలో వేసుకున్న మిసాల్ ఇది. బౌద్ధులు దీన్ని ఒప్పుకోలేదు. మనం కల్కి దగ్గరికి వచ్చినప్పుడు ఈ మిసాల్ గుర్తుపెట్టుకోండి.

వాళ్ల ఆలిములు ఏమంటారు?

మన పిల్లలు చాలామంది అవతారాన్ని పునర్జన్మతో, అంటే "తనాసుఖ్"తో కలిపేస్తారు. రెండూ వేరు. పునర్జన్మ కర్మ వల్ల వస్తుంది. చేసిన పనుల ఫలితం అనుభవించటానికి జీవుడు మళ్లీ పుడతాడు, అందులో అతని ఇష్టంతో పని లేదు. అవతారంలో దేవుడు తన మర్జీతో వస్తాడు, ఆయన్ని కర్మ అంటదు. ఇది వాళ్ల ఆచార్యులు అందరూ చెప్పే మాట.

అయితే ఎలా వస్తాడు అన్న దగ్గర వాళ్లలో వాళ్లకే ఇఖ్తిలాఫ్ ఉంది. గీతకు భాష్యం రాసిన శంకరాచార్యులు, భగవంతుడు తన మాయతో పుట్టినట్టు, శరీరం ఉన్నట్టు కనిపిస్తాడు అన్నారు. రామానుజాచార్యులు ఒప్పుకోలేదు. అది ఉత్త కనిపించటం కాదు, తన దైవత్వం వదలకుండానే నిజంగానే రూపం తీసుకుంటాడు అన్నారు. మధ్వాచార్యుల మతంలో మూలరూపానికీ అవతారానికీ ఎక్కువ తక్కువలు లేవు, అన్నీ సంపూర్ణమే. శ్రీవైష్ణవులు ఇంకో అడుగు ముందుకేసి, గుళ్లో ఉన్న మూర్తి కూడా ఒక అవతారమే, "అర్చావతారం" అంటారు. తిరుమల వెళ్లే మీ స్నేహితుడు అక్కడున్నది ఒక గుర్తు అనుకోవటం లేదు, స్వామి అక్కడే ఉన్నాడని అనుకుంటున్నాడు. మనం దాన్ని మానం. కానీ అతను ఏమనుకుంటున్నాడో సహీగా తెలుసుకోవటం వేరే సంగతి.

ఇంకో మాట. హిందువులంతా అవతారాలను నమ్ముతారు అనటం కూడా గలత్. శైవుల్లో ఈ ఖయాల్‌కు అంత చోటు లేదు. రాజా రామ్మోహన్ రాయ్ గారు ఫార్సీలో, అరబీ ముందుమాటతో "తుహ్‌ఫతుల్ మువహ్హిదీన్" అనే చిన్న కితాబ్ రాశారు. ఆ తర్వాత 1828లో బ్రహ్మసమాజం పెట్టారు. అవతారాలను ఆ సమాజం ఒప్పుకోదు. మన కందుకూరి వీరేశలింగం గారు ఆ దారిలో నడిచినవారే. ఆర్యసమాజం పెట్టిన దయానంద సరస్వతి గారు దేవుడికి పుట్టుక ఉండదని, అవతారాలు వేదంలో లేవని వాదించారు.

మన బుజుర్గుల తలాష్

ఇప్పుడు మనవాళ్ల దగ్గరికి వద్దాం. పన్నెండో శతాబ్దంలో షహ్రస్తానీ అనే ఆలిమ్ ప్రపంచంలోని మతాల మీద "అల్ మిలల్ వన్నిహల్" అనే పెద్ద కితాబ్ రాశారు. ఆయన హిందుస్తాన్ రాలేదు. వినీ, చదివీ రాశారు. వైష్ణవుల గురించి చెప్తూ, మనిషి రూపంలో వచ్చిన ఒక రూహానీ రసూల్‌ను, ఫరిష్తా లాంటివాణ్ని నమ్మేవాళ్లు అన్నట్టుగా రాశారు. ఆయన్ని తప్పుపట్టలేం. తన దగ్గరున్న ఖానాల్లో రసూల్ అనే ఖానా దీనికి దగ్గరగా కనబడింది, అందులో వేశారు. అవతారాన్ని రిసాలత్‌గా చదివే అలవాటు మనలో అంత పాతది.

ఆయనకంటే నూరేళ్ల ముందే ఒక పెద్దమనిషి ఇంకా శ్రమపడ్డారు. 973లో ఖ్వారిజ్మ్‌లో పుట్టిన అబూ రైహాన్ అల్‌బిరూనీ గారు. 1017లో మహమూద్ గజ్నవీ ఖ్వారిజ్మ్‌ను గెలిచి ఆయన్ని గజ్నీకి తీసుకెళ్లాడు. ఆయన సంస్కృతం నేర్చుకున్నారు, పండితుల దగ్గర కూర్చున్నారు, 1030 ప్రాంతంలో "కితాబుల్ హింద్" పూర్తిచేశారు. తన కితాబ్ వాదన కోసం కాదని, హిందువులు ఏం నమ్ముతారో వాళ్ల మాటల్లోనే పెడతానని ముందే చెప్పారు. నారాయణుడు వేరువేరు కాలాల్లో కనబడటం మీద ఒక బాబ్, వాసుదేవుడి మీద, భారతయుద్ధం మీద ఇంకో బాబ్ రాశారు. లోకంలో చెడునూ, నాశనాన్నీ ఏదో ఒక తీరున ఆపటానికి వచ్చే శక్తిగా నారాయణుణ్ని వాళ్లు చూస్తారని వివరించారు. నబీ అనే మాట తెచ్చి అక్కడ అతికించలేదు. మరో సంగతి. తనను తెచ్చిన సుల్తాన్ దాడుల వల్లే ఈ ముల్క్ పాడైందని, హిందువుల మనసుల్లో ముస్లింల మీద నఫ్రత్ పెరిగిందని కూడా ఆయన రాశారు. ఇన్సాఫ్ అంటే ఇదీ.

మొగలుల జమానాలో తర్జుమాలు మొదలయ్యాయి. 1582లో అక్బర్ బాద్షా హుకుంతో మహాభారతం ఫార్సీలోకి రావటం మొదలైంది. దానికి "రజ్మ్‌నామా" అని పేరు. పండితులు వివరించి చెప్తుంటే నఖీబ్ ఖాన్, ముల్లా అబ్దుల్ ఖాదిర్ బదాయూనీ లాంటివాళ్లు ఫార్సీలో రాశారు. బదాయూనీకి ఈ పని సుతరామూ ఇష్టం లేదు, అయినా రామాయణం కూడా చేయాల్సివచ్చింది. అబుల్ ఫజల్ "ఆయీన్-ఎ-అక్బరీ"లో పది అవతారాల కథలను వరసగా చెప్పారు.

అక్బర్ కొడుకు జహంగీర్ తన తుజుక్‌లో ఒక బహస్ సంగతి రాసుకున్నాడు. పండితులను పిలిచి అడిగాడట. దేవుడి జాత్ పది శరీరాల్లో దిగింది అంటారా? అంటే హులూల్ అంటారా? అలాగైతే హద్దుల్లేనివాడికి పొడవూ వెడల్పూ వచ్చినట్టే కదా? కాదు, ఆయన నూర్ కనబడింది అంటారా? ఆ నూర్ అన్నిటిలోనూ ఉంది, పదింటికే ఎందుకు? పండితులు చివరికి, దేహం లేని దేవుణ్ని తాము ఒప్పుకుంటామని, మనసు ఒకచోట నిలవటానికి ఒక రూపం కావాలని జవాబిచ్చారు. సవాల్ పదునైనది, జవాబు కూడా పదునైనదే. ఇది ఇల్మ్ మజ్లిస్. కానీ అదే జహంగీర్ 1613లో పుష్కర్ వెళ్లినప్పుడు వరాహమూర్తిని చూసి అసహ్యించుకుని, పగలగొట్టించి చెరువులో వేయించాడు. ఇదీ ఆయనే రాసుకున్నాడు. ఈ రెండో సంగతి దాచి మొదటిది మాత్రమే చెప్తే నేను తారీఖ్ రాసినట్టు కాదు. అర్థం చేసుకోవటానికి కూర్చున్నవాడే ఇంకోరోజు గొడ్డలి పట్టిస్తాడు. మన వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల పోస్టులు ఉన్నట్టే.

నఖ్ష్‌బందీ సిల్సిలాలో ఇద్దరు బుజుర్గులను పక్కపక్కన పెట్టి చూడండి. షేఖ్ అహ్మద్ సర్హిందీ (1564-1624) హృదయ్ రామ్ అనే హిందువుకు రాసిన ఖత్‌లో రాముడు, రహ్మాన్ ఒక్కరే అనే మాటను ఖండించారు. రాముడు దశరథుడి కొడుకు, లక్ష్మణుడి అన్న. పుట్టినవాడు పుట్టించినవాడు ఎలా అవుతాడని అడిగారు. అదే సర్హిందీ గారు హిందుస్తాన్‌కు కూడా ప్రవక్తలు వచ్చి ఉన్నారని మరోచోట రాశారు. అంటే అవతారాన్ని కాదన్నారు, ఈ నేలకు హిదాయత్ రాలేదని మాత్రం అనలేదు.

అదే సిల్సిలాలో తర్వాత వచ్చినవారు ఢిల్లీకి చెందిన మీర్జా మజ్‌హర్ జాన్-ఎ-జానాఁ (1699-1781). ప్రతి ఉమ్మత్‌కూ ఒక హెచ్చరించేవాడు వచ్చాడని ఖుర్ఆన్ చెప్తోంది. కొందరు ప్రవక్తల సంగతి మనకు చెప్పలేదని కూడా చెప్తోంది. కాబట్టి రాముడు, కృష్ణుడు లాంటి పెద్దల విషయంలో దలీల్ లేకుండా చెడుమాట అనకుండా నోరు కాపాడుకోవటమే మేలని ఆయన తన ఖత్‌లో రాశారు. ఆయన గురించి ఒక వాకియా ప్రసిద్ధం. ఒకతనికి కల వచ్చింది. మంట నడుమ కృష్ణుడు, మంట అంచున రాముడు. అది జహన్నమ్ అని ఎవరో తాబీర్ చెప్పారు. మీర్జా గారు కాదన్నారు. అది ఇష్క్ మంట, ఒకరు అందులో మునిగిపోయారు, ఒకరు అంచున నడిచారు అన్నారు. ఒకే సిల్సిలా, ఒకే తౌహీద్. కానీ అదబ్‌లో ఎంత విశాలత్వం!

బెంగాల్ తీరం ఇంకో కథ చెప్తుంది. పదహారో శతాబ్దం చివర, పదిహేడో శతాబ్దం మొదట్లో చిట్టగాంగ్ వైపు సయ్యద్ సుల్తాన్ అనే కవి "నబీబంశ" అనే పెద్ద కావ్యాన్ని బెంగాలీలో రాశారు. అరబీ, ఫార్సీ రాని పల్లెటూరి ముస్లింలకు ప్రవక్తల చరిత్ర చెప్పాలి. వాళ్లకు తెలిసిన మాటల్లోనే చెప్పాలి. అందుకని నబీ (స) గారి విషయంలో "అవతార్" అనే మాటనే వాడారు. ఆయన మక్‌సద్ షిర్క్ కాదు, తర్జుమా. మన తెలుగు తర్జుమాలు నుజూల్‌కు "అవతరణ" అన్నట్టే. కానీ ఒక మాట అరువు తెచ్చుకున్నప్పుడు దానితోపాటు దాని సామాను కూడా వస్తుంది. ఆ సామానును ఎంత దూరం రానివ్వాలి అన్నదే అసలు ఇమ్తిహాన్.

కల్కి సంగతి

ఇప్పుడు మొదట్లో చెప్పిన పైగామ్ తీసుకుందాం. కల్కి తండ్రి పేరు విష్ణుయశుడు. ఇది భాగవతంలోనూ ఉంది. పోస్టు ఏమంటుందంటే, విష్ణువంటే దేవుడు, యశ అంటే బందా, కాబట్టి అబ్దుల్లా. తెలుగు చదువుకున్న మనకు ఇది ఎక్కడ బెడిసికొడుతుందో వెంటనే తెలియాలి. "యశస్సు" అంటే కీర్తి. బందా అనే అర్థం ఏ నిఘంటువులోనూ దొరకదు. తల్లి పేరు సుమతి అని కల్కి పురాణంలో ఉంది. సుమతి అంటే శాంతి, కాబట్టి ఆమినా అంటుంది పోస్టు. సుమతీ శతకం బడిలో చదివిన ఏ పిల్లాడిని అడిగినా సుమతి అంటే మంచి బుద్ధి కలిగినవాడు అని చెప్తాడు.

కాలం లెక్క చూడండి. పంచాంగాల ప్రకారం కలియుగం క్రీస్తుపూర్వం 3102లో మొదలైంది. దాని నిడివి 4,32,000 ఏళ్లు. కల్కి వచ్చేది దాని చివర్లో. అంటే వాళ్ల లెక్కలో ఇంకా 4,26,000 ఏళ్లకు పైగా ఉంది. ఏడో శతాబ్దంలో మక్కాలో అనటానికి ఆ కితాబుల్లో చోటే లేదు.

అన్నిటికంటే పెద్ద సంగతి, కల్కి చేసే పని. విష్ణుపురాణం లాంటి చోట్ల కల్కి వచ్చి మ్లేచ్ఛులను సంహరించి వర్ణధర్మాన్ని నిలబెడతాడు. మధ్యయుగాల్లో ఆ "మ్లేచ్ఛులు" అనే మాట చాలాసార్లు ఎవరిమీద వాడారు? మన మీదే. ఆ శ్లోకాన్ని మనమే తెచ్చి, చూడండి ఇది మా నబీ (స) గురించే అని చెప్పుకోవటం ఏం అఖల్?

అఖీదా వైపు నుంచి చూస్తే ఇంకా నుక్సాన్. కల్కి ఆ గ్రంథాల్లో ప్రవక్త కాదు, స్వయంగా విష్ణువు. నబీ (స) గారిని కల్కి అంటే ఆయన్ని దేవుడు దిగివచ్చిన రూపం అన్నట్టే. కలిమా-ఎ-షహాదత్‌లో మనం ఆయన్ని ముందు "అబ్ద్" అంటాం, తర్వాత "రసూల్" అంటాం. ఆ వరస ఊరికే లేదు. ఆయన్ని మనిషి స్థాయి దాటించే తలుపు మూయటానికే ఉంది. దావత్ పేరుతో మనం మూసి ఉన్న ఆ తలుపునే తీస్తున్నాం. ఇటు హిందూ స్నేహితుడికీ అది నచ్చదు. బుద్ధుణ్ని అవతారం చేసినప్పుడు బౌద్ధులకు ఎలా అనిపించిందో అతనికీ అలాగే అనిపిస్తుంది. తన ఇంటి వస్తువును తనకు చెప్పకుండా పక్కింటివాడు పట్టుకుపోయినట్టు.

ఇంట్లో పిల్లలకు

మరి పిల్లలు అడిగితే ఏం చెప్పాలి? నేను మూడు మాటలు చెప్తాను.

మొదటిది. అవతారం అంటే హిందువుల్లో చాలామంది, ముఖ్యంగా వైష్ణవులు, దేవుడే తన ఇష్టంతో దిగివచ్చాడని నమ్మటం. అది పునర్జన్మ కాదు, రిసాలత్ కాదు. మన ఉలమా హులూల్ అన్నది కూడా దానికి సరిగ్గా సరిపోదు. ఎందుకంటే హులూల్‌లో దేవుడు వేరే మనిషిలోకి దిగుతాడు. వాళ్ల మాటలో ఆ మనిషే దేవుడు.

రెండోది. మనం దీన్ని నమ్మం. అల్లాహ్ పుట్టడు, ఆయన్ని ఎవరూ పుట్టించలేదు. ఈ మాట మెల్లగా, స్పష్టంగా, సిగ్గుపడకుండా, గొంతు పెంచకుండా చెప్పొచ్చు.

మూడోది. ఈ ముల్క్‌కు హిదాయత్ రాలేదని మనం అనం. ఎవరెవరు ప్రవక్తలో అల్లాహ్‌కు తెలుసు. తెలియని చోట పేర్లు పెట్టి చెప్పటం మన పని కాదు, తిట్టటం అసలే కాదు. ఇతరులు పూజించేవాటిని దూషించవద్దని ఖుర్ఆనే మనకు నేర్పింది.

కడప దగ్గర దేవుని కడపలో ఉగాది నాడు మన ముస్లింలు కొందరు వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్తారు. బీబీ నాంచారి అనే తురక ఆడబిడ్డను ఆ స్వామి పెళ్లాడాడని, ఆ లెక్కన ఆయన మనకు అల్లుడని అక్కడి కథ. అఖీదా కళ్లజోడు పెట్టుకుంటే దీని మీద ఆలిములకు చాలా అభ్యంతరాలు ఉంటాయి, ఉన్నాయి కూడా. నేను ఫత్వా ఇవ్వటం లేదు. తారీఖ్ చదివేవాడిగా ఒక్క సంగతి గమనిస్తున్నాను. ఆ కథ కట్టినవాళ్లు నబీ (స) గారిని అవతారం చేయలేదు, స్వామిని ప్రవక్త చేయలేదు. ఎవరి మతాన్ని వాళ్ల దగ్గరే ఉంచి, మధ్యలో ఒక చుట్టరికం కలుపుకున్నారు.

ఈసారి గ్రూపులో ఆ కల్కి పైగామ్ వస్తే ముందుకు పంపకండి. పంపినవాళ్లను అందరి ముందూ గద్దించకండి కూడా, మంచి నియ్యత్‌తోనే పంపి ఉంటారు. విడిగా ఫోన్ చేసి ఒక్క సవాల్ అడగండి: "భాయ్, మన అఖీదాలో దిగివచ్చింది ఏమిటి? కలామా, ఖుదాయా?" జవాబు వాళ్లకే తెలుసు.